ఆరు రేకుల్లో ఏడు పెట్టెలు

మా చెల్లెలు ఒక పాత చొక్కాతో ప్రభుత్వం వేసిన దిగుమతి సుంకాన్ని ఓడించింది. సరే, ఓడించలేదు. సుంకం ఇప్పటికీ నిక్షేపంలా ఉంది. చొక్కా సంగతి మాత్రం నిజం.

చెల్లెలు రేకు పెట్టెలు చేయిస్తుంది. వీధిలో అందరికీ తను రేకులక్క. ఆ ఏడాది నర్సుల హాస్టలుకు రెండు వందల పెట్టెలు పాత ధరకే ఇస్తానని మాటిచ్చింది. నెల తిరక్కముందే విదేశీ ఉక్కు రేకు మీద సుంకం వేశారని పేపర్లో పడింది. కాన్వెంటు చదువు నాది కనుక వార్త గడగడా చదివింది నేను. అర్థం చెప్పింది తను.

పక్క కొట్టు బకెట్లాయన చంకలు గుద్దుకున్నాడు.

"పన్ను పరాయి రేకు మీద కదా రేకులక్కా! మనం వాడేది మన మిల్లుది. మనకేంటి?"

"పరాయి రేకు కొనేవాళ్లంతా రేపు మన మిల్లు గుమ్మంలోనే నిలబడతారు తమ్ముడూ. అంతమందిని చూశాక కూడా పాత ధరే చెప్పడానికి మిల్లువాడేమన్నా నీ బావమరిదా?"

కాడని వారంలో తేలింది. ఏడు రేకులొచ్చే డబ్బుకు ఆరే వస్తున్నాయి. బకెట్లు, డబ్బాలు, బీరువాలు, చివరికి తలుపు గొళ్లేలు కూడా ధరెక్కి కూర్చున్నాయి. చెల్లెలు రేటు పెంచితే మాట పోతుంది. పెంచకపోతే కొట్టు మూతపడుతుంది, మేస్త్రితో పాటు నలుగురు పనివాళ్లు ఇంటిదారి పడతారు.

మేస్త్రిది ఒకటే పద్ధతి, పెట్టెకో రేకు. ముక్కలన్నీ అందులోంచే కోయాలి, మిగిలింది తుక్కులో వెయ్యాలి. చెల్లెలు నా పాత చొక్కా కుట్లు విప్పి అతని ముందు నేల మీద పరిచింది.

"వేరే వేరే రేకుల ముక్కలు కలిపితే మూత సరిగ్గా కూర్చోదమ్మా," అన్నాడు మేస్త్రి.

"దర్జీ చొక్కాకో తాను చింపుతాడా? చేతుల మధ్య సందులో కాలరు కోసుకోడూ? పక్క పలకలు అలా ఇరికించు."

మేస్త్రి రెండు రోజులు మూతి ముడుచుకుని, మూడో రోజు సుద్దముక్క అందుకున్నాడు. ఆరు రేకుల్లో ఏడు పెట్టెలు లేచాయి. మిగిలిన తుక్కు ఈగకు చెప్పులు చేయడానికి కూడా చాలదు. మేస్త్రి ప్రతి పెట్టె మీదా ఎక్కి కూర్చుని చూశాడు. ఒక్క మూతా కిర్రుమనలేదు.

రెండు వందలూ పాత ధరకే హాస్టలుకు చేరాయి. మరుసటి ఏడాది తనూ రేటు పెంచక తప్పలేదు. కానీ అప్పటికి వీధి వీధంతా తన కోత నేర్చుకుంది, బకెట్లాయనతో సహా. నేను మాత్రం అడిగినవాడికీ అడగనివాడికీ రేకులక్క అన్నయ్యనని చెప్పుకుంటూ ఛాతీ విరుచుకుని తిరిగాను.

ఇదంతా రాసి, కొట్టుకు తీసుకెళ్లి చెల్లెలికి చదివి వినిపించాను.

"ఇందులో ఒక్క ముక్క నిజం లేదన్నయ్యా. నేను ఏ హాస్టలుకీ మాటివ్వలేదు, నీ చొక్కా విప్పలేదు. అసలు ఏనాడూ సుత్తి పట్టి ఎరగను," అంది చెల్లెలు, సుత్తి కింద పెట్టకుండానే.