మోటారు పెట్టెలో నా నంబరు

మా బోరు ఉమ్మడిది. తిరువూరు నుంచి విస్సన్నపేట పోయే దారిలో మా మామిడి తోట, దాని పక్కన మా తోడికోడలి తోట, ఆ పక్కన ఒకాయన కౌలుకు చేసే తోట ఉన్నాయి. మూడింటికీ ఆ బోరే దిక్కు. మా ఆయన పోయాక నీళ్ల వంతులు నేనే వేసేదాన్ని. ఇవాళ నీది, రేపు నాది అని గట్టు మీద నిలబడి చెబితే ఎవరూ ఎదురు చెప్పేవాళ్లు కాదు.

అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. పిల్లల పెళ్లిళ్లన్నీ అయ్యాక సాయంత్రం బడికి వెళ్లి నేర్చుకున్నాను. పలక పట్టుకుని వెళుతుంటే మా తోడికోడలు వాకిట్లో నిలబడి, "ఈ వయసులో కలెక్టరు ఉద్యోగం ఇస్తారా అక్కా?" అని నవ్వింది. ఆవిడ ఏడో తరగతి చదివింది. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఏడో తరగతి గురించి వింటూనే ఉన్నాను. కాబట్టి మా ఇద్దరి సంగతి ఈ బోరుతో మొదలైంది కాదు.

రెండేళ్ల కిందట వేసవిలో చుట్టుపక్కల బోర్లు ఎండిపోయాయి. మాది కూడా నీళ్లకు బదులు గాలి కక్కడం మొదలుపెట్టింది. అప్పుడు దిగింది మా తోడికోడలి మనవరాలు. డిగ్రీ చదివే పిల్ల. మూడు తోటల్లోనూ నేలలో తేమ చూసే కడ్డీలు పాతించింది. మోటారు స్విచ్చుకు తాళం వేసి, ఫోనుతో పనిచేసే పెట్టె ఒకటి బిగించింది. ఇంట్లో కూర్చుని ఫోను చేస్తే తోటలో మోటారు ఆడుతుంది.

"ఇక వంతులొద్దు పెద్దనానమ్మా. ఏ తోట ఎండితే ఆ తోటకే నీళ్లు. లేకపోతే ఈ బోరు కూడా మనకు దక్కదు" అంది.

అది తప్పు మాటేం కాదు. అందుకే ఇంకా మండింది నాకు.

ఆ రోజు నుంచి నీళ్ల మాట అడగడానికి అందరూ వాళ్ల గడప ఎక్కడం మొదలుపెట్టారు. మా అబ్బాయి కూడా. ఒకరోజు ఆ పిల్ల బోరు దగ్గర నిలబడి, ఫోనులో ఏవేవో దేశాల పిల్లలకు మా తోటలు చూపించింది. వాళ్ల ఊళ్లలోనూ నీళ్లు అడుగంటుతున్నాయట, ఇలా పంచుకోవడం ఎలాగో అడుగుతున్నారట. ఫోనులోంచి ఒక పిల్ల చెయ్యి ఊపింది. మా తోడికోడలు కొత్త చీర కట్టుకుని వచ్చి మరీ తిరిగి చెయ్యి ఊపింది. బోరు వేయించిన నాడు ఎండలో నిలబడింది నేను. చెయ్యి ఊపింది ఆవిడ. ఆ వయసులో నాకు అంత చదువుంటేనా అనుకుంటూ కాలవ గట్టు మీద గడ్డి పీక్కుంటూ కూర్చున్నాను.

మొన్న వేసవిలో మా తోటలో పిందెలు రాలుతున్నాయి. కరెంటు వచ్చింది. మా అబ్బాయి గంపలగూడెం పోయాడు, ఫోను ఎత్తడు. సరే, నేనే పెట్టెకు ఫోను చేశాను. మోటారు పలకలేదు. ఇంకోసారి చేశాను. ఉహుఁ.

మా తోడికోడలు కంచె అవతల నుంచి చూస్తూనే ఉంది. "నీ ఫోనుకు పలకదక్కా. పెట్టెలో నంబరు ఎక్కించాలి. నాది మా పిల్ల ఎప్పుడో ఎక్కించింది" అంది తాపీగా.

నేరుగా వాళ్లింటికి పోయాను. ఆ పిల్ల అన్నం తింటోంది.

"నా నంబరు ఎందుకు ఎక్కించలేదే?"

"మీ అబ్బాయిది ఉందిగా పెద్దనానమ్మా. నీది బటన్ల ఫోను కదా, నీకెందుకులే ఈ తలనొప్పి అనుకున్నా."

"బటన్ల ఫోనుకు పలకదా?"

"పలుకుతుంది..." అని నీళ్లు నమిలింది. "కానీ ఐదు నంబర్లే పడతాయి. నాది, నాన్నది, నానమ్మది, కౌలు బాబాయిది, మీ అబ్బాయిది. నిండిపోయింది."

"మీ నానమ్మ ఎన్నిసార్లు మోటారు వేసింది?"

పిల్ల చెయ్యి కడుక్కుని ఫోను చూసింది. చూసి నవ్వు ఆపుకుంది. ఒక్కసారి కూడా వేయలేదు.

"తీసెయ్" అన్నాను.

"నానమ్మ నన్ను చంపేస్తుంది."

"నేను చంపనా?"

తీసేసింది. నా నంబరు ఎక్కించింది. మా తోడికోడలు నాతో మాట్లాడటం మానేసింది. నేనేం బాధపడలేదు.

పది రోజులకు ఆ పెట్టె నుంచి నా ఫోనుకు మెసేజి వచ్చింది, ఏ తోట ఎండిందో చెబుతూ. కూడబలుక్కుని చదివాను. ఎండింది ఆవిడ తోట. పిల్ల పరీక్షలో ఉంది, వాళ్ల నాన్న విజయవాడలో పని మీద ఉండి ఫోను ఎత్తడం లేదు. కౌలు ఆయన ఫోను కలవడం లేదు, మా అబ్బాయి ఫోను చార్జింగు అయిపోయి ఇంట్లోనే పడి ఉంది. నేను తోటకు పోయేసరికి ఆవిడ తన తోట వాల్వు తిప్పుకుని గట్టు మీద నిలబడి, నన్ను చూడకుండా చెట్లను చూస్తోంది.

అడగనీ, అనుకున్నాను. అడగలేదు. పిందె ఒకటి రాలింది, ఇంకొకటి రాలింది.

"ఏం, నోరు పడిపోయిందా?" అన్నాను.

"నీ చేతిలోనే ఉందిగా. వేస్తే వెయ్యి, లేకపోతే లేదు."

ఫోను చేశాను. మోటారు ఆడింది. ఆవిడ చెట్ల మధ్యకు పోయింది.

నేను మోటారు ఆపేదాకా అక్కడే కూర్చున్నాను. సాయంత్రం ఆ పిల్ల పరీక్ష రాసి బస్సు దిగేసరికి ఎదురుపోయి, మీ తోటకు నీళ్లు పెట్టింది నేనేనని చెప్పాను, వాళ్ల నానమ్మ నోరు తెరిచేలోపే.