బాపు పేరుకు రెండక్షరాలు

ప్రోగ్రాం రాయడం నాకు ఇష్టం, టైపు కొట్టడమే చావు. తొంభైల మొదట్లో కరీంనగర్‌లో ఏడాది కంప్యూటర్ కోర్సు చేసి, బెల్లంపల్లిలో బట్టల దుకాణం మీది గదిలో ఉన్న ఒక చిన్న సెంటర్‌లో పనికి కుదిరాను. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్. ఆ ప్రింటర్ గీపెట్టుడుకు కింద దుకాణపాయన రోజుకోసారి పైకి వచ్చి కొట్లాడి పోయేవాడు. నల్లటి తెర మీద ఒకే రకం వరుసలు పొద్దంతా కొట్టాలి. ఫైలు తెరువు, చివరిదాకా చదువు, దొరక్కపోతే చెప్పు, మూసెయ్యి. ఒక్కో ప్రోగ్రాంలో ఇదే పురాణం ఇరవై సార్లు వచ్చేది.

కోర్సులో నాతో చదివి హైదరాబాద్‌లో పనికి కుదిరిన స్నేహితురాలు ఒకసారి ఫ్లాపీ ఒకటి పంపింది. మేం టైపు కొట్టే ఎడిటర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం అందులో ఉంది. ఇప్పటి పిల్లలు ప్లగిన్ అంటారు, మేం దానికి పేరే పెట్టలేదు. రెండక్షరాలు కొట్టి ఒక మీట నొక్కితే, ముందే రాసిపెట్టుకున్న పది వరుసలు తెర మీద టకటకా పరుచుకుంటాయట. ఉత్తరంలో ఇంత చక్కగా రాసింది గానీ, దాన్ని ఎక్కించేటప్పటికి నా తాతలు దిగివచ్చారు. మెషిన్ మొదలయ్యేటప్పుడు చదివే ఫైలులో ఒక వరుస కలపాలి. కలిపితే కీబోర్డు బిగుసుకుపోయేది. రెండు రోజులు ఆన్ చెయ్యడం, ఆఫ్ చెయ్యడం. చివరికి తెలిసింది, ప్రింటర్ ప్రోగ్రాం, ఇదీ ఒకే మీట కోసం కొట్లాడుకుంటున్నాయని. మీట మార్చాను. రెండక్షరాలు కొట్టి నొక్కగానే పది వరుసలు వచ్చి కూర్చున్నాయి. నా సంతోషం చూసి మా ఓనరు, "ఏమైంది, లాటరీ తగిలిందా?" అన్నాడు.

ఇక పూనకం వచ్చినట్టు పొట్టి మాటల జాబితా తయారుచేశాను. ఎడమవైపు రెండక్షరాలు, కుడివైపు వాటికి రావలసిన పాఠం. వరుసగా అన్నీ ఎక్కించాను. మిగిలింది ఒక్కటే. రాసిన ప్రోగ్రాం సరిగ్గా నడుస్తుందో లేదో చూడటానికి ఒక ఉత్తుత్తి మనిషి వివరాలు కావాలి. పేరు, తండ్రి పేరు, ఊరు, ఒక నంబరు. అందరూ ఏ సినిమా హీరో పేరో పెట్టుకుంటారు. నేను మా బాపు, అంటే మా నాన్న పేరు పెట్టాను. ఇంటి పేరుతో సహా, తాత పేరు, జమ్మికుంట పక్కన మా ఊరి పేరు, బాపు బిళ్ల నంబరు. బిళ్ల అంటే గనిలోకి దిగే ప్రతి మనిషికీ ఇచ్చే ఇత్తడి టోకెన్. ఆ నంబరు చిన్నప్పటి నుంచీ నాకు నోటికి వచ్చు. బి, పి అని కొట్టి మీట నొక్కితే చాలు, మా బాపు తెర మీదికి వచ్చేవాడు.

ఎందుకు పెట్టానో చెప్పాలి. అది ఎవరూ పలకని పేరు.

బాపు గనిలో ఇంకొకరి పేరు మీద పనిచేసేవాడు. అరవైల చివర్లో బాపు, ఊళ్లో ఆయన జతగాడు ఇద్దరూ నౌకరీ కోసం బెల్లంపల్లికి వచ్చారు. కొలతల్లో జతగాడు నెగ్గాడు, బాపు ఛాతీ చాలలేదు. పనిలో చేరమని జతగాడికి ఇచ్చిన చిట్టీ తీసుకుని ఇద్దరూ ఊరికి పోయారు. డ్యూటీలో చేరకముందే జతగాడికి జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. పెళ్లి కూడా కాలేదు. దినాలు అయిపోయాక వాళ్లమ్మే ఆ చిట్టీ తెచ్చి బాపు చేతిలో పెట్టిందట. "నా కొడుకు పోయిండు. పేరన్న పోకుంట సూడు కొడుకా" అన్నదట. బాపు ఆ పేరుతో చేరిపోయాడు. అప్పట్లో మారుపేర్ల మీద చేరినవాళ్లు ఒకరిద్దరు కాదు. అందరికీ తెలుసు, తెలియనట్టు ఉండటమే మర్యాద. కానీ కాగితం మీద బయటపడితే నౌకరీ పోతుంది, క్వార్టరు పోతుంది.

అందుకే ఆ క్వార్టరులో మేం బతికినవాళ్లం నలుగురం, బాపు, అమ్మ, నేను, తమ్ముడు. మొత్తం ఐదుగురం. ఐదో మనిషి గురించి ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు, అయినా ప్రతి కాగితం మీదా ఆయనే. బడిలో చేర్చేటప్పుడు అవ్వ (మేం అమ్మను అలాగే పిలుస్తాం) నన్ను పక్కకు పిలిచి, "తండ్రి పేరంటె గిదే చెప్పాలె. వేరేది నోట్లకెళ్లి వచ్చిందో, మనం రోడ్డు మీద పడుతం" అని నేర్పింది. పదో తరగతి సర్టిఫికెట్లో నేను చచ్చిపోయిన మనిషి బిడ్డను. నన్ను చూడనివాడు, నేను చూడనివాడు, పెళ్లే కానివాడు. సార్లు హాజరు పుస్తకం తెరిచి తండ్రి పేరు చదివినప్పుడల్లా నా వెనక ఎవరో వచ్చి నిలబడ్డట్టు ఉండేది. నిజంగా వెనక్కి తిరిగి చూసేదాన్ని. గని సైరన్ అకాలంగా మోగితే క్వార్టర్ల లైనులోని ఆడవాళ్లందరూ గేటుకు పరుగెత్తేవాళ్లు. మేం మాత్రం అక్కడ ఆయన పేరు పిలుస్తారేమో అని వినాలి. ఆయన పేరు పిలిస్తే పోయేది మా బాపు. ఈ లెక్క నాకు చిన్నప్పుడు అస్సలు అర్థమయ్యేది కాదు, భయం మాత్రం అర్థమయ్యేది. పెత్రమాస నాడు పెద్దల పేరిట బియ్యం ఇచ్చేటప్పుడు బాపు తాత పేరు చెప్పి, చివర గొంతు తగ్గించి ఆ పేరు కూడా చెప్పేవాడు. మర్నాడు అదే పేరుతో డ్యూటీకి పోయేవాడు.

బాపు అసలు పేరు పిలిచే మనిషి ఊళ్లో ఉండే నాయనమ్మ ఒక్కతే. భర్త పేరు నోటితో అనకూడదు కనుక అవ్వ ఎన్నడూ అనలేదు. మేం బాపూ అంటాం. గని మీద జతగాడి పేరే. నాయనమ్మ పోయిన రోజుతో బాపు పేరు కూడా పోయింది. అందుకే బి, పి కొట్టినప్పుడల్లా నాకు లోపల హాయిగా ఉండేది. తెర మీద ఆ పేరు చూసి ఒక్క క్షణం ఆగి, తర్వాత చెరిపేసేదాన్ని. ఒకచోట అలా చెరపడం మర్చిపోవడమే నేను చేసిన పాపం.

ఆ ఏడాది మా సెంటర్‌కు గని కార్మికుల సహకార సంఘం పని వచ్చింది. సభ్యులందరి వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించి, బిళ్ల నంబర్ల వరుసలో జాబితా తీసి ఇవ్వాలి. ఆ ప్రోగ్రాం మొత్తం నేనే రాశాను. తగిలించిన ఆ చిన్న ప్రోగ్రాం పుణ్యమా అని నెల పని పది రోజుల్లో అయింది. ఐదు ఫైళ్లలో పరీక్ష కోసం బాపును పిలుచుకున్నాను. నాలుగింటిలో తీసేశాను. జాబితా ప్రింటు తీసే ఐదో ఫైలులో ఆ వరుసలు అలాగే ఉండిపోయాయి.

జాబితా ప్రింటు తీసి ఇచ్చిన మర్నాడు మధ్యాహ్నం దాటాక ఇంకో పని కోసం ఆ ఫైలు తెరిచాను. బాపు పేరు తాపీగా కూర్చుని ఉంది. "జాబితా ఎక్కడుంది?" అని ఓనరును అడిగితే, "పొద్దున్నే సంఘం ఆఫీసు గోడకు అంటించిండ్రు. తప్పులుంటే జనం చెప్తరు గద" అన్నాడు. బాపు ఛాతీ అప్పటికే చెడిపోయి ఉంది. పనికి పనికిరాడని డాక్టర్లు రాస్తే, ఆ నౌకరీ తమ్ముడికి వస్తుంది. ఆ కాగితాలు కదులుతున్న రోజులవి. ఒకే నంబరుకు రెండు పేర్లు కనపడితే చాలు, ఎవరో ఒకరు అడుగుతారు. చెప్పులు వేసుకున్నానో లేదో గుర్తు లేదు, పరుగెత్తాను.

నేను పోయేసరికి మొదటి షిఫ్టు దిగినవాళ్లు సంఘం వరండాలో గుమిగూడి ఉన్నారు. చదువు రానివాళ్ల కోసం పంపు నడిపే ఒక పెద్దమనిషి నంబరు, పేరు పైకి చదువుతున్నాడు. పలికినవాడి ముందు సెక్రటరీ సార్ టిక్కు పెడుతున్నాడు. ముఖం నిండా బొగ్గుతో బాపు ముందు వరుసలోనే ఉన్నాడు. నేను మెట్లు ఎక్కుతుండగానే బాపు నంబరు వచ్చింది, జతగాడి పేరు వచ్చింది. "ఆఁ, ఉన్న" అన్నాడు బాపు. పెద్దమనిషి ఆగకుండా కింది వరుస చదివాడు. అదే నంబరు. ఇంటి పేరు, పేరు, తాత పేరు, ఊరు.

"ఆఁ" అన్నాడు బాపు.

అనాలని అనలేదు. ఎవరో వెనక నుంచి పిలిస్తే తిరిగి చూస్తాం కదా, అలా వచ్చేసింది. వచ్చాక తెలిసింది ఆయనకు. బొగ్గు ముఖంలో కళ్లు మాత్రం తెల్లగా నన్ను చూశాయి.

సెక్రటరీ సార్ పెన్ను ఆపాడు. "ఏందే, రెండు పేర్లకూ నువ్వే పలుకవడ్తివి?"

జనంలోంచి ముందుకు తోసుకుని పోయాను. "సార్, నా తప్పు. ప్రోగ్రాం సక్కగ నడుస్తుందా లేదా అని ఉత్తగ ఒక పేరు రాసి సూసిన. తీసుడు మర్సిపోయిన."

"ఉత్తగ రాసినవా? ఇంటి పేరున్నది, ఊరున్నది. ఎవలిది గీ పేరు?"

"ఎవలిది గాదు సార్. గసొంటి మనిషే లేడు."

నా గొంతు ఒణకలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. కాస్త ఒణికినా బాగుండేది అనిపిస్తుంది. సెక్రటరీ సార్ బాపు వైపు తిరిగాడు. "మరి నువ్వెందుకు పలికినవ్?"

"నంబర్ నాదే గద సార్. నంబర్ ఇని పలికిన."

"గీ మనిషి నీకెరుకేనా?"

"ఎరుక లేదు సార్" అన్నాడు మా బాపు.

సెక్రటరీ సార్ మా ఇద్దరినీ చూశాడు. ఏం అర్థమైందో ఏమో, పెన్ను బాపు చేతికిచ్చి, "తప్పుది నువ్వే కొట్టెయ్యి. పక్కన సంతకం పెట్టు" అన్నాడు. బాపు గోడ దగ్గరికి పోయాడు. కాగితానికి మసి అంటకుండా చెయ్యి తువ్వాలకు తుడుచుకున్నాడు. తన పేరు మీద నెమ్మదిగా గీత గీశాడు. పక్కన జతగాడి సంతకం పెట్టాడు, ఆయనకు రాయడం వచ్చిన ఒకే ఒక్క పేరు అది.

కాగితాలు ఆగలేదు, మరుసటి ఏడు తమ్ముడికి నౌకరీ వచ్చింది. ఆ సాయంత్రం మాత్రం ఇద్దరం లైన్ల వైపు నడుస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. "తప్పైంది బాపూ" అన్నాను. ఆయన విన్నట్టు లేడు. దగ్గు వచ్చి ఒకచోట ఆగాడు. దగ్గు తగ్గాక అడిగాడు.

"ఆయన ఎట్ల సదివిండు బిడ్డా? ఇంటి పేరుతోనే సదివిండా?"

"ఆఁ బాపూ. ఇంటి పేరుతోనే."

"మంచిగ సదివిండు" అన్నాడు. తువ్వాల భుజాన వేసుకుని మళ్లీ నడిచాడు.