బండి కంటే ముందొచ్చిన తీర్పు

కలకత్తా పేపరు బండి దిగితేనే ఖరగ్‌పూర్‌కు వార్త వచ్చినట్టని రిటైర్డ్ రైల్వే గార్డయిన మా నాన్న నమ్మకం. నేను మాత్రం నిన్న మా ఊళ్లో ఇందా అనే పేటలోని ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని కొత్త హైకోర్టు తీర్పు చదివేశాను.

ఈ రోజు కోర్టులో, రైల్వేలో పనిచేసే భర్త ఈమధ్యే పోయిన నా క్లయింటు అప్పలమ్మను రైల్వే క్వార్టరు ఖాళీ చేయించాలని అవతలి బెంగాలీ లాయరు పట్టుబట్టాడు. అచ్చం అలాంటి కేసులోనే ఖాళీ చేయించొద్దన్న ఆ తీర్పు ప్రింటు జడ్జిగారికి అందించాను.

"పేపర్లో రాలేదే!" అన్నాడు లాయరు.

"పేపరు బండి లేటు, దాదా!" అన్నాను.

జడ్జిగారు నవ్వి స్టే ఇచ్చారు. అప్పలమ్మ క్వార్టరు తాళంచెవి మళ్లీ కొంగున ముడేసుకుంది.

ఇంటికొచ్చి గొప్పగా చెప్తే నాన్న కళ్లజోడు పైకి తోసి, "బండి రాకముందే వార్తొచ్చీసినాదా? సిగ్నలు ఎవులిచ్చినారే?" అన్నాడు.

కోర్టులో గెలిచాను. ఈ ఇంటర్నెట్ గ్రూపులో రైల్వేవాళ్లుంటే చెప్పండి, నాన్నను గెలిచేదెలా?