ఉత్త పెట్టె ముందు నిలబడ్డవాళ్ళం

మా పెద్దవాడు పోయిన సంగతి వాడు రోజూ వచ్చే బస్సే తెచ్చింది. వాడు నెల్లూరులో బస్సుల షెడ్డులో మెకానిక్కు. కామెర్లు ముదిరి పెద్దాసుపత్రిలో ఉన్నాడు. వాళ్ళ నాయన వాడి దగ్గరే ఉంటే, ఉతికిన గుడ్డలు తీసుకుపోదామని నేను మా ఊరు మైపాడుకు వచ్చాను. ఎప్పుడూ రేవు మొదట్లో ఆగిపోయే బస్సు ఆ రోజు మా సందుదాకా వచ్చి ఆగింది. హారను కొట్టలేదు. డ్రైవరు దిగి, తువ్వాలు చేతిలో నలుపుకుంటూ, "అక్కా, బయల్దేరక్కా. పిల్లోడు..." అన్నాడు. అంతవరకే అన్నాడు.

నేనప్పుడు ఇసుక మీద ఎండుచేపలు తిరగేస్తున్నాను. సగం అయ్యాయి. మిగిలిన సగం కూడా తిరగేసి, చేతులు కడుక్కొని, వెళ్ళి బస్సులో కూర్చున్నాను. అట్లా ఎందుకు చేశానో నాకు ఇప్పటికీ తెలియదు. డ్రైవరు కూడా తొందర పెట్టలేదు, ఎండలో నిలబడి చూస్తూ ఉన్నాడు. ఏడుపు అప్పుడు రాలేదు, తర్వాతా రాలేదు. కర్మకు వచ్చినవాళ్ళలో ఒకరిద్దరు నన్ను రాయి అన్నారు. అననీ, రాయికి మాత్రం ఏం తెలుస్తుంది.

ఇది చదివే మీకు మా వాడు తెలియడు. నేను మూడో తరగతిలో బడి మానినదాన్ని. అక్షరాలు కూడబలుక్కొని రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. రాయడానికి ఒక కారణం ఉంది. వాడి ముఖం నాకు గుర్తుకు రావడం లేదు. కన్నతల్లికి అట్లా ఉంటుందా అని మీరు అనుకుంటారు. నేనూ అనుకున్నాను. కళ్ళు మూసుకుంటే వాడి నీలం చొక్కా వస్తుంది, మెడలో తోలు పట్టీ వస్తుంది. ముఖం ఉండాల్సిన చోట ఏమీ ఉండదు. చూసి గుర్తు తెచ్చుకుందామంటే వాడి ఫోను మాటలకే పనికొచ్చేది, కార్డు మీద బొమ్మ నల్లగా అలుక్కుపోయింది, ఇంకో ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ కెమెరాలు.

వాటి సంగతే ముందు చెప్పాలి. నెల్లూరులో పాత ఫోటో స్టూడియో ఒకటి మూసేస్తూ, పాడైన సామానంతా చవగ్గా అమ్మేశారు. అక్కడి నుంచి మొదటి కెమెరా తెచ్చాడు. చంకలో కోడిపెట్టను పెట్టుకొచ్చినట్టు తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. మూత తీస్తే లోపలి నుంచి కమ్మరి తిత్తి లాంటిది, చిన్నది, ముడతలు ముడతలుగా ముందుకు వచ్చింది. దాని చివర అద్దం. నాకు అది చూస్తే నత్త తల బయట పెట్టినట్టనిపించింది. చెప్తే వాడు పడిపడి నవ్వాడు. ఆ తర్వాత వాడికి అదే పని అయిపోయింది. సెలవు దొరికితే పాత సామాన్ల కొట్లు తిరిగేవాడు. గూడూరులో ఎవరో రైల్వే ఆఫీసరు ఇల్లు ఖాళీ చేసి పోతున్నారని విని, పోయి కెమెరాకు ఒక తోలు ఒర, ఒక పసుపు అద్దం తెచ్చాడు. ఆ అద్దం నా కంటికి ఆనించి, "ఇప్పుడు చూడుమా మబ్బుల్ని" అన్నాడు. చూశాను. మబ్బులు నిజంగానే విడివిడిగా, ఉతికి ఆరేసినట్టు కనపడ్డాయి. ఇంకోసారి మూడుకాళ్ళ స్టాండు తెచ్చాడు. దానికి నేను పీతల బుట్ట తగిలించాను. వాడు బుట్ట తీసి, కాళ్ళు తుడిచి, మళ్ళీ బుట్ట తగిలించాడు.

ఒకసారి ఎండ ఎంత ఉందో ముల్లుతో చూపించే చిన్న మిషను తెచ్చి వాళ్ళ నాయనకు చూపించాడు. ఆయన వల బాగుచేసుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"ఎండ ఎంతుందో తెలుసుకోడానికి మిషనెందుకురా? చొక్కా ఇప్పి నిలబడు, నీ వీపే చెప్తాది."

"నీ వీపు అరవై ఏండ్లుగా చెప్తానే ఉంది గద నాయనా, నువ్వు ఇన్నావా?"

"చూసినావా నీ కొడుకుని! వలకు కన్నం పడితే కుట్టడు, ఆ పెట్టెకు కన్నం పడితే అన్నం తినడు."

అది మాత్రం నిజం. సముద్రపు గాలికి ఆ తిత్తి బీటలిచ్చేది. చీమ కన్నంత రంధ్రం ఉన్నా పనికి రాదట, వెలుతురు దూరుతుందట. ఆ రంధ్రాలు వెతకడానికి వాడికి చీకటి కావాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం నన్ను పిలిచి, ఇద్దరి మీదా కంబళి కప్పి, తిత్తి లోపల టార్చిలైటు పెట్టి, "వెలుగు యాడ కనపడితే ఆడ వేలు పెట్టుమా" అన్నాడు. నేను వేలు పెడితే వాడు సుద్దతో గుర్తు పెట్టేవాడు. తర్వాత పాత గొడుగు గుడ్డ ముక్కలు చించి, చింతగింజల బంకతో అంటించాము. మేము కంబళిలో ఉండగానే పక్కింటి పెద్దమ్మ వచ్చింది.

"ఏందే ఇది, తల్లీకొడుకులు మిట్టమధ్యాన్నం కంబళి కప్పుకోనుండారు? చలిజరమా?"

"అవ్వా, తలుపెయ్యి! ఎలుతురొస్తా ఉంది!" అని లోపలి నుంచి అరిచాడు వాడు.

"ఎలుతురొస్తే మంచిదే గదరా ఎదవా! ఈ కొంపకి ఏదో ఒకటి రానీ."

కంబళి లోపల చెమటలు. వాడి చేతుల కిరసనాయిలు వాసన. షెడ్డు నుంచి వస్తూనే గ్రీజు పోయేదాకా కిరసనాయిలుతో రుద్ది, తర్వాత సబ్బుతో కడిగి, అప్పుడు గానీ అద్దాలు ముట్టేవాడు కాదు. అన్నం మాత్రం ఒకసారి కడిగిన చేత్తోనే తినేవాడు. అదేందిరా అంటే, "నా కడుపుకి బూజు పట్టదుమా, అద్దానికి పడతాది" అనేవాడు. ఆ బూజు పట్టకుండా బియ్యం వేయించి, మూట కట్టి, కెమెరాలతో పాటు పెట్టెలో పెట్టడం నా పని. వానాకాలం అయితే మూట ఊరికే మెత్తబడిపోయేది, మళ్ళీ మళ్ళీ వేయించేదాన్ని.

ఇంత చేస్తే ఆ కెమెరాలతో ఫోటోలు వచ్చేవా అంటే, రావు. వాటికి సరిపోయే ఫిలిం ఇప్పుడు చెయ్యడం లేదట. కొలత వేరట. ఆ సంగతి కొనేటప్పుడే వాడికి తెలుసు. మరి ఎందుకు కొన్నావురా అంటే, "ఎంతమందిని చూసిన కన్నో ఇది. మూల పడేసుంటే మనసొప్పలేదు" అన్నాడు.  ఒకడికి తాగుడు, ఒకడికి పేకాట, మా వాడికి ఇది అనుకున్నాను.

కానీ ఊరు ఊరుకోదు కదా. మెడలో కెమెరా వేసుకొని రేవులో నడుస్తుంటే అందరూ పిలిచేవాళ్ళు. "ఫిలిం లేదన్నా, ఉత్త పెట్టె" అని ప్రతి ఒక్కరికీ చెప్పేవాడు. దాచేవాడు కాదు. "లేకపోతే మాన్లే, తియ్యబ్బా" అని వాళ్ళు తల దువ్వుకొని నిలబడేవాళ్ళు. కొందరు ఇంటికి పోయి పెట్టెలోంచి చీర తీసి కట్టుకొని వచ్చేవాళ్ళు. వాడు కూడా ఏదో తూతూమంత్రంగా చెయ్యడు. ఎండ ఎటుందో చూసి, పక్కకు జరగమని, గడ్డం ఎత్తమని, అంతా నిజంగా తీసినట్టే తీసేవాడు. లోపల టిక్కుమని చిన్న చప్పుడయ్యేది. అందరూ అప్పుడు ఊపిరి వదిలేవాళ్ళు.

ఇంటికి వచ్చి అన్నం తింటూ ఆ రోజు తీసినవన్నీ నాకు చెప్పేవాడు. ఎవరు ఎట్లా నిలబడ్డారు, ఎండ ఎవరి చెంప మీద పడింది, ఎవరు కళ్ళు ఆర్పారు, అన్నీ. నేను పులుసు పోస్తూ ఊ కొట్టేదాన్ని. "ఫోటో అంటే ఏం లేదుమా. మనిషిని ఒకసారి నిదానంగా చూడ్డమే. ఊరికే ఎవురు చూస్తారు?" అన్నాడొకసారి. ఆ మాట నాకు అప్పుడు పెద్దగా ఎక్కలేదు. పులుసు చల్లారుతుంది తినరా అన్నాను.

కర్మ అయ్యాక వాడి గుడ్డలు, చాప చాకలికి ఇచ్చేశాం. కెమెరాలు ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. అట్లాగే ఉన్నాయి. ఒకరోజు పొద్దున పక్కింటి పెద్దమ్మ వచ్చి వాటి ముందు చతికిలబడింది. ఆమె పెనిమిటి పోయిన ఏడాది వాయుగుండంలో తెప్పతో సహా పోయాడు, శవం కూడా దొరకలేదు. ఆయన్ను మా వాడు అంతకుముందు తెప్ప దగ్గర ఫోటో తీశాడు. ఒక కెమెరా తోలు పట్టీ వేలితో నిమిరి అడిగింది.

"మా ఆయన్ది దీంట్లో యాడో ఉంటాది గదే. ఎవురి చేతనన్నా కడిగించి ఇయ్యి."

నాకు అబద్ధం ఆడేంత ఓపిక కూడా లేదు. "దాంట్లో ఏం లేదు పెద్దమ్మా. ఉత్త పెట్టె" అన్నాను.

"లేదని వాడూ చెప్పినాడులే. అయినా కడిగితే వస్తాదేమోనని." కొంగుతో ముక్కు తుడుచుకుంది. లేవలేదు. "వాడు నీకేమన్నా చెప్పినాడా, ఆయన ఎట్లుండాడో?" అంది.

చెప్పాడు. నాకు అంతా గుర్తుంది. "తెప్ప మీద ఒక కాలు పెట్టినాడంట. తువ్వాల భుజాన ఏసుకో తాతా అంటే ఇన్లేదంట, తలకి చుట్టుకున్నాడంట."

"బట్టతల ఏడ కనపడతాదోనని. నాకు తెలీదా!"

"నవ్వమంటే నోరు గట్టిగా మూసుకున్నాడంట. ఇటు చూడు తాతా అంటే చూళ్ళేదంట. నువ్వు చేపల తట్ట ఎత్తుకోని ఆ పక్కగా పోతా ఉంటివంట. ఉండ్రా, అది దాటిపోనీ అని, నీ వైపే చూస్తా ఉండిపోయినాడంట."

పెద్దమ్మ రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకొని, ఎదురుగా ఏదో ఉన్నట్టు చూస్తూ కూర్చుంది. ఆమె ముఖంలో ఏడుపూ లేదు, నవ్వూ లేదు. ఫోటో చేతికి ఇస్తే జనం చూస్తారే, అట్లా చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇప్పుడు నీ కొడుకుది చెప్పు."

"వాడిది ఎవురు తీసినారు పెద్దమ్మా?"

"మా ఆయన్ది మాత్రం ఏం తీసినాడు? చెప్పవే."

 వాడిని నేనెప్పుడు నిదానంగా చూశానని. వాడు తింటుంటే వాడి కంచం చూశాను, వస్తే కాళ్ళకు మట్టి ఉందేమో చూశాను. కానీ ఆమె కదలకుండా కూర్చుంది. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాను.

మా వాళ్ళ కొత్త పడవ నీళ్ళలోకి దించిన రోజు. పొద్దున్నే సందు సందంతా ఇసుకలో నిలబడ్డాము, పడవ మా వెనక ఉంది, దానికి పసుపు కుంకుమ పెట్టి ఉంది. పొద్దు సముద్రం మీద లేచి మా ముఖాల్లో కొడుతోంది. వాడు మాకు ఎదురుగా, సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డాడు. కెమెరాలో అందరూ పట్టడం లేదని ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకా పట్టలేదు. మళ్ళీ వెనక్కి. అల వచ్చి వాడి ప్యాంటు తడిపింది. "రేయ్, నీళ్ళురా!" అని వాళ్ళ నాయన అరిచాడు. వాడు వినలేదు. మోకాళ్ళ దాకా నీళ్ళలోకి పోయాడు.

"మొగం ఎట్లుందే?" అంది పెద్దమ్మ.

"కనపడ్లేదు పెద్దమ్మా. కెమెరా అడ్డముంది."

కుడిచేత్తో దాన్ని కంటికి ఆనించుకున్నాడు, ఎడమచెయ్యి పైకెత్తాడు. కదలొద్దు, కదలొద్దు అంటున్నాడు. చుట్టూ నీళ్ళు మెరుస్తున్నాయి. ఇంకో అడుగు వెనక్కి వేస్తున్నాడు. మేమెవరమూ కదలడం లేదు.