పడుగుల కొట్టానికి పన్ను మినహాయింపు

మెట్‌పల్లి వాస్తవ్యురాలు ఐలవ్వ, భర్త గతించిన పిమ్మట మరిది హనుమండ్లుతో కలిసి మగ్గము నడిపించుకొనుచుండెను. మగ్గమునకు ఎక్కించుటకు ముందు పడుగు నూలుకు గంజి పట్టించి, వీధి పొడవునా చాపి, కుంచెలతో దువ్వి ఆరబెట్టవలెను. వానాకాలమున ఆ పని సాగదు. పని సాగని ఇంట పొయ్యి వెలగదు.

ఈ ఇబ్బందిని తొలగించుటకే చేనేత సహాయ సంఘమువారు విరాళములతో ఒక పొడుగాటి రేకుల కొట్టము కట్టించిరి. సంఘాధ్యక్షులు ఆ ఊరి భూస్వామి ప్రేమ్‌సాగర్‌రావు గారు. కాలక్రమమున కొట్టములో వారి పసుపు బస్తాలు చేరినవి, తలుపునకు తాళము పడినది. అది దొరగారి సొంతమేనని తలచి నేతవారెవరును అడుగుటకు సాహసింపలేదు.

1957 శ్రావణమున ముసురు పట్టియున్న దినములలో, ఇంటిపన్ను జాబితాలు ప్రజలు చూచుకొనుటకు పంచాయతీ కార్యాలయములో ఉంచబడినవని చాటింపు వేసిరి. ఐలవ్వ తన ఇంటి పన్ను తెలుసుకొనబోయినది. గుమాస్తా రాయమల్లు జాబితా చదువుచు, కొట్టము వద్దకు రాగానే “పన్ను లేదు” అనెను.

“నా గుడిసెకు పన్నున్నది. గంత పెద్ద కొట్టానికెందుకు లేదు బిడ్డా?”

“ధర్మానికి కట్టింది గదా అవ్వా. మినహాయింపు కోసం సంఘపోళ్లు ఏటేటా కాగితం ఇస్తరు.”

“గా కాగితం నేను చూడొచ్చునా?”

“ఎవలైనా చూడొచ్చు. నీకు చదువొస్తదా ఏంది?”

“నీకొస్తది గదా. సర్కారు జీతం ఉత్తగనే ఇస్తదా?”

రాయమల్లు నవ్వి, కాగితము తీసి చదివెను: “సదరు కొట్టము వానాకాలమంతయు నేత కుటుంబముల కొరకు, కిరాయి లేకుండ, తెరచి ఉంచబడును.” క్రింద అధ్యక్షులవారి దస్కతు.

ఐలవ్వ ఆ మాటను అక్షరాలా నమ్మినది. మరునాడు ఇంటిలోనే పడుగుకు గంజి పట్టించి, తడి నూలును హనుమండ్లు భుజమునకెత్తి కొట్టమునకు నడిచినది. తలుపునకు తాళమున్నది. గంజి పట్టిన పడుగును వెంటనే చాపకున్న పోగులు అంటుకొని పనికిరాకుండ పోవును. వారికున్న నూలంతయు అదియే.

“జర ముందుగాల అడిగితే ఏం పోయేది వదినె?”

“తెరిచి ఉంటదని కాగితంల ఉన్నది.”

“అయితే పడుగు కాగితంలనే చాపుదాం, పా.”

ఈ మాటలు వినపడి ఎదుటి ఇంటినుండి ప్రేమ్‌సాగర్‌రావు గారు గొడుగు వేసుకొని వచ్చిరి.

“ఏంది ఐలవ్వా, వానల నిలబడ్డవు?”

“మీ దస్కతు మీద వచ్చిన దొరా. పన్ను కాగితంల, వానలకు తెరిచి ఉంటదని రాసిండ్రట.”

“గా కాగితం నీకెవలు చూపిచ్చిండ్రు?”

“అందరికీ చూపిస్తుండ్రు దొరా. చాటింపు ఏసిండ్రు.”

సంఘపు గుమాస్తా ప్రతి సంవత్సరము పాత కాగితమునకు నకలు వ్రాసి తేగా, రావుగారు చదువకయే దస్కతు చేయుచుండిరి. ఇప్పుడా దస్కతును కాదనలేక తాళము తీయించిరి.

బస్తాలను ఒక ప్రక్కకు నెట్టి పడుగు చాపిరి. నేలమీది పసుపు ఎగసి తెల్లని నూలు ఒక అంచున పచ్చబారినది. “పెండ్లిబట్ట అయితది తియ్యి” అనెను హనుమండ్లు. పడుగు మాత్రము దక్కినది.

సాయంకాలము రావుగారు తాళపుచెవిని ఐలవ్వకు ఇయ్యబోయిరి.

“నీ తాన పెట్టుకో. వాన పడ్డనాడు తెరుచుకో.”

“గప్పుడు మిగిలినోళ్లంత నన్ను అడగాల్నా దొరా? తాళమే తీసుకపోండ్రి.”

రావుగారు తాళమును జేబులో వేసుకొని, బస్తాల కొరకు బండిని పంపించిరి.