ఇంజన్ చల్లారేదాకా చాయ్

గుట్టల్లో తిప్పడానికి నా బడ్జెట్‌లో సెకండ్ హ్యాండ్ డర్ట్ బైక్ ఒకటి దొరికితే, ఈ రోజు మెకానిక్ యాదగిరి అన్నను వెంటబెట్టుకుని ఎస్.ఆర్. నగర్ వెళ్లాను. అన్న ముందుగా ఇంజన్ మీద చెయ్యి పెట్టాడు. వేడిగా ఉంది.

"మీరొస్తున్నరనే స్టార్ట్ చేసి పెట్టిన," అన్నాడు అమ్మే ఆయన, అదేదో మర్యాద చేసినట్టు.

"వేడి మీద ఏ బండైనా స్టార్టయితది. చల్లారనీయ్, చాయ్ తాగొస్తం," అన్నాడు అన్న.

గంట తర్వాత ఆయన మా ముందే కిక్ కొట్టాడు. కొట్టి కొట్టి చొక్కా తడిసింది గానీ బండి పలకలేదు. చివరికి ముగ్గురం అమీర్‌పేట మెయిన్ రోడ్డు దాకా తోస్తే స్టార్టయింది. ఆ చప్పుడు వినగానే నాకు మనసాగలేదు.

"గుట్ట మీద ఆగితే ఎవరు తోస్తరు?" అన్నాడు అన్న.

కొనాలా, వద్దా? తోయడానికి వచ్చేవాళ్లు మాత్రమే కొనమని కామెంట్ పెట్టండి.