అవ్వ ఎండబోసిన ఒడ్లు

మా చిన్నప్పుడు... కోతలయ్యాయంటే బోధన్ రోడ్డు సగం మాదే! ఒక పక్క బస్సులు, ఇంకో పక్క పరిచిన ఒడ్లు. అడుగు గింజ పైకి రావాలని అక్కా నేనూ వాటిలో కాళ్ళీడ్చుకుంటూ నడిచేవాళ్ళం. అరికాళ్ళు భగ్గుమనేవి... కాస్త ఆగితే అవ్వ గొంతు లేచేది. మా ఇళ్ళల్లో అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ అంటాం.

ఒడ్ల విషయంలో అవ్వకు మహా పట్టింపు. గింజ పంటి కింద టక్కున విరగాలి, లేదంటే ఇంకో రోజు ఎండాల్సిందే. ఆ ఒడ్లు చూసి, కొనే సేటు మారుమాట్లాడకుండా నాలుగు రూపాయలు ఎక్కువే ఇచ్చేవాడు. తూకంలో కొట్టేసేవాడనుకోండి, అది వేరే సంగతి!

తర్వాత ఊళ్ళో సర్కారు కొనుగోలు కేంద్రం పెట్టారు. మద్దతు ధర, సరైన తూకం... బాపు ఎంత సంబరపడ్డాడో. మంచి ఒడ్లకు ఇంకా మంచి రేటు వస్తుందని అవ్వ ఆ ఏడాది ఐదు రోజులు ఎండబోయించింది.

కేంద్రంలో తేమ చూసే ఆమె మిషన్‌లో గింజలు పోసి నవ్వింది.

"పన్నెండే ఉన్నదక్కా! గింతగనం ఎందుకు ఎండబెట్టిన్రు? పదిహేడున్నా తీసుకుంటం."

"మరి గివిటికి రేటు ఎక్కువియ్యరా?" అంది అవ్వ.

"అందరికి ఒక్కటే రేటు."

మా అంతే పండిన పక్క పొలంవాళ్ళు రెండు రోజులే ఎండబోసి తెచ్చారు. మాకంటే మూడు సంచులు ఎక్కువ తూగాయి!

"మూడు దినాలు ఎక్కువ కష్టపడి మూడు సంచులు ఎండకు పోగొట్టుకున్నం," అన్నాడు బాపు దారిలో.  అవ్వ ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది.

మరుసటి పంట నుంచి మిషన్ పదిహేడు చూపగానే సంచులకెత్తడమే. రకం కూడా మారింది... సన్న ఒడ్లు మానేసి, బరువు తూగే దొడ్డు ఒడ్లు చాలన్నాడు బాపు. మద్దతు ధరను నేను తప్పు పట్టను. అది లేకపోతే మా చదువులెక్కడివి? కానీ ఒళ్ళొంచి చేసినా, పైపైన చేసినా ఒకటే రేటైతే ఒళ్ళెవరు వంచుతారు?

ఇప్పుడు మేమూ తినడానికి సన్నబియ్యం నిజామాబాద్‌లో కొంటున్నాం. మొన్న చేటలో బియ్యం పోసుకుని అవ్వ చాలాసేపు వేళ్ళతో కదిపి చూసింది.

"ఒక్క నూక లేదు... ఎవ్వరు పండిచ్చిన్రో గని, మంచిగ ఎండబోసిన్రు బిడ్డా," అంది.

మీ ఇంట్లోనూ ఇలా ఎవరూ అడగకుండా పోయిన పనితనం ఉంటే రాయండి... అవ్వకు చదివి వినిపిస్తాను.